సిగ్నల్ దగ్గర వేడి గాలి కొట్టే కారు ఏసీ: కంప్రెసర్ మార్చే ముందు ఏం చూడాలి?

విజయవాడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. హైవే ఎక్కితే ఏసీ బ్రహ్మాండంగా ఉంటోంది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో రెండు మూడు నిమిషాలు ఆగితే వేడి గాలి వస్తోంది. ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు గ్యాస్ పట్టించారు. ఇప్పుడు షాపులో కంప్రెసర్ పోయిందంటున్నారు. దానికి తోడు ఎడమ పక్క ముందు సీటు దగ్గర మ్యాట్ తడుస్తోంది. డిసెంబరులో అరకు వెళ్లినప్పుడు హీటర్ పెడితే గోరువెచ్చగా కూడా రాలేదు. ఇవన్నీ ఒకే జబ్బా, వేర్వేరా? కంప్రెసర్ మార్చాలా?

కంప్రెసర్‌కి ఇప్పుడే డబ్బు కట్టకండి. అది పోయి ఉండొచ్చు, నేను కాదనను. కానీ మీరు చెప్పిన లక్షణానికి అంతకంటే ఎక్కువగా కనిపించే కారణం కారు ముందు భాగంలో ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కారు ఏసీ పని మీదే ఏళ్ల తరబడి బతుకుతున్నవాణ్ణి. ఈ పనిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఒక్కటే: లోపం ఏమిటో చూడకుండా ముందు గ్యాస్ పట్టేయడం. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, కంప్రెసర్ సీల్ నుంచి ఏళ్ల మీద కొంచెం కొంచెం తగ్గడం మామూలే. రెండు నెలల్లో తగ్గిందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు లేకపోతే అసలు గ్యాస్ తగ్గనే లేదు, మరి ఆ రెండోసారి పట్టిన గ్యాస్ ఎక్కడికి పోయింది? లోపలే ఉంది, ఎక్కువై ఉంది. మీ కేసులో నాకున్న మొదటి అనుమానం అదే.

ఎందుకో చెప్తాను. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, కారు లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారేస్తుంది. డాష్‌బోర్డ్ లోపల ఉండే కూలింగ్ కాయిల్‌లో గ్యాస్ ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి కండెన్సర్‌లోకి పంపుతుంది. గ్రిల్ వెనక, రేడియేటర్‌కి ముందు ఉండే ఆ కండెన్సర్‌లో గ్యాస్ వేడి 60 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. బయటి గాలి తగిలితేనే ఆ వేడి దిగి, గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది. హైవే మీద 80లో వెళ్తుంటే గాలి దానంతట అదే తగులుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ పని చేయాల్సింది ఫ్యాన్ ఒక్కటే. ఫ్యాన్ తిరగకపోయినా, నెమ్మదిగా తిరిగినా, కండెన్సర్ రేకుల మధ్య దుమ్ము పేరుకున్నా వేడి దిగదు, ప్రెషర్ పెరిగిపోతుంది. ఒక హద్దు దాటాక ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. మీకు వేడి గాలి వచ్చేది అప్పుడే. ఉండాల్సిన దానికంటే గ్యాస్ ఎక్కువ ఉంటే ఆ హద్దు ఇంకా త్వరగా దాటుతుంది.

ఇప్పుడు చూడాల్సిన పని. సాయంత్రం కాదు, మధ్యాహ్నం ఎండలోనే చూడండి. లోపం బయటపడేది అప్పుడే. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, బానెట్ ఎత్తండి. చేతులు, చున్నీ, మెడలో ట్యాగ్ లాంటివి ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి. ఆగి ఉన్న ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. చాలా కార్లలో ఏసీ ఆన్ చేసిన కాసేపటికే ఫ్యాన్ మొదలవ్వాలి. కొన్నిటిలో రెండు ఫ్యాన్లుంటాయి, కొన్నిటిలో ఒకే ఫ్యాన్‌కి రెండు స్పీడులుంటాయి. తక్కువ స్పీడు ఒక రెసిస్టర్ (కరెంటు తగ్గించే చిన్న భాగం) మీద నడిచే కార్లలో ఆ రెసిస్టర్ కాలిపోతే ఫ్యాన్ మొదట అసలు తిరగదు, ఇంజిన్ బాగా వేడెక్కాకే ఒక్కసారిగా ఫుల్ స్పీడులో అందుకుంటుంది. అందుకే ‘ఫ్యాన్ తిరుగుతోందండీ, నేను చూశాను’ అని చెప్పేవాళ్లని నేను ఎప్పుడు తిరిగింది, ఎంతసేపు తిరిగింది అని మళ్లీ అడుగుతాను. ఇంకో రకం ఫ్యాన్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా తిరుగుతుంది, అరగంట నడిచాక లోపలి బ్రష్‌లు అరిగిపోయి ఉండటం వల్ల వేడికి ఆగిపోతుంది. షాపుకి వెళ్లి బండి చల్లారేసరికి మళ్లీ బాగానే తిరుగుతుంది. అక్కడ చూసినవాళ్లకి లోపం దొరకదు, నేరం కంప్రెసర్ మీద పడుతుంది.

ఫ్యాన్ అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా) చూడండి. ఫ్యూజు బాక్సులో హారన్ రిలే మీద, ఫ్యాన్ రిలే మీద ఒకే నంబరు ఉంటే రెండూ మార్చి పెట్టి చూడొచ్చు. అప్పుడు ఫ్యాన్ తిరిగితే లోపం రిలేలోనే. కొత్తది కొనడానికి పెద్దగా ఖర్చవదు.

ఫ్యాన్ బాగుందనుకుందాం. అప్పుడు నీళ్ల పరీక్ష చేయండి. వంటింట్లో వాడే థర్మామీటర్ ఉంటే మధ్య వెంట్‌లో పెట్టండి. కారు నిలబెట్టి, ఏసీ వేసి, వేడి గాలి రావడం మొదలయ్యే దాకా ఆగండి. అప్పుడు గ్రిల్ ముందు నుంచి కండెన్సర్ మీద మాత్రమే పడేలా పైపుతో సన్నగా నీళ్లు పట్టండి. ఫ్యూజు బాక్సు మీద, వైర్ల మీద పడకూడదు. ఒకటి రెండు నిమిషాల్లో వెంట్ గాలి చల్లబడిపోతే విషయం తేలినట్టే. కంప్రెసర్ పనిచేస్తోంది, కండెన్సర్ దగ్గర వేడి దిగడం లేదు. ఫ్యాన్, మురికి, గ్యాస్ ఎక్కువవడం, గొట్టాల్లోకి గాలి చేరడం, ఈ నాలుగిట్లోనే కారణం ఉంది. నీళ్లు పట్టినా ఏ మార్పూ లేకపోతే అప్పుడు కంప్రెసర్ వైపు చూడాలి.

మురికి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కండెన్సర్‌ని ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు చెత్త దాని వెనక, రేడియేటర్‌కీ కండెన్సర్‌కీ మధ్య వేలు దూరేంత సందులో ఉంటుంది. కోతల రోజుల్లో రోడ్ల మీద ఎగిరే వరి ఊక, గుంటూరు వైపు పత్తి లారీల నుంచి రాలే దూది, పురుగుల రెక్కలు, వాటి మీద వాన బురద, అన్నీ కలిసి గుడ్డ పరిచినట్టు మందంగా పేరుకుంటాయి. నేను ఆ పొరని వేళ్లతో పట్టి ఒకే ముక్కగా ఊడదీసిన కార్లు ఉన్నాయి. ఆ ముక్క అవతలికి టార్చి లైటు కూడా కనిపించదు. అలాంటి ఒక కారుకి అంతకుముందు రెండు చోట్ల గ్యాస్ పట్టారు. దీన్ని బంపర్ వదులు చేసి, రెండిటినీ కొంచెం విడదీసి, ఇంజిన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టి కడగాలి. ప్రెషర్ వాషర్ మరీ దగ్గరగా పెడితే పల్చటి అల్యూమినియం రేకులు పడుకుంటాయి, గాలి దూరే దారి పూర్తిగా మూసుకుపోతుంది. మామూలు గార్డెన్ పైపు నీళ్లు చాలు.

ఇక మీ షాపు వాళ్ల మాట. వాళ్లు కావాలని మోసం చేస్తున్నారని అనుకోవద్దు. అరిగిపోయిన కంప్రెసర్ కూడా అచ్చం ఇదే లక్షణం చూపిస్తుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, నొక్కే శక్తి చాలదు, హైవే మీద ఆర్‌పీఎం పెరగ్గానే సర్దుకుంటుంది. పైకి చూస్తే రెండు జబ్బులూ ఒకటే. తేడా చెప్పేది గేజీలు, అంటే గొట్టాల్లో ప్రెషర్ చూపే మీటర్లు. అందుకే గేజీలు పెట్టకుండా కంప్రెసర్ మార్చాలని ఎవరన్నా నేను ఒప్పుకోను.

గేజీల సెట్టులో నీలం రంగుది లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు), ఎర్రది హై సైడ్ (కంప్రెసర్ నొక్కి పంపే వైపు). ప్రెషర్‌ని పీఎస్‌ఐలో కొలుస్తారు. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్‌134ఏ గ్యాస్‌కి, బయట 35 డిగ్రీలున్న రోజు, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర పెడితే లో సైడ్ సుమారు 30 నుంచి 45 పీఎస్‌ఐ, హై సైడ్ 200 నుంచి 250 మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో రెండూ ఇంకా పెరుగుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు మీ కారుని ఐడిల్‌లో నిలబెట్టి, వేడి గాలి వచ్చేటప్పుడు చూడమనండి. రెండు ముళ్లూ ఎక్కువలో ఉండి, హై సైడ్ 350 దాటి పైకి పాకుతూ ఉంటే కండెన్సర్ దగ్గర వేడి దిగడం లేదు, లేదా గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి చేరింది. లో సైడ్ ఎక్కువగా, 60, 70 దగ్గర ఉండి, హై సైడ్ మాత్రం 150 దాటడానికే కష్టపడుతుంటే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రెండూ మెల్లగా విడిపోతుంటే, కంప్రెసర్ నొక్కలేకపోతోంది. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. లో సైడ్ సున్నా వైపు, వ్యాక్యూమ్‌లోకి పోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని సన్నగా వదిలేది) మూసుకుపోయింది. మీ కంప్రెసర్ భవిష్యత్తు ఈ రెండు ముళ్ల మీద ఉంది, కాబట్టి పక్కన నిలబడి మీ కళ్లతో చూడండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పని తెలిసిన మనిషి దానికి ఏమీ అనుకోడు.

ఒక జాగ్రత్త. ఇంజిన్ ఆపేసి ఉన్నప్పుడు గేజీలో ప్రెషర్ చూసి ‘గ్యాస్ ఫుల్లుగా ఉంది’ అంటే నమ్మకండి. రాత్రంతా ఆగిన కారులో, 30 డిగ్రీల దగ్గర, రెండు ముళ్లూ 95 పీఎస్‌ఐ చుట్టుపక్కల చూపిస్తాయి. లోపల 200 గ్రాములున్నా అంతే, 450 గ్రాములున్నా అంతే. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంత వరకు ఆ ముల్లు వేడిని బట్టి ఉంటుంది, పరిమాణాన్ని బట్టి ఉండదు. గ్యాస్ ఎంత ఉందో తెలియాలంటే మెషిన్‌తో మొత్తం బయటికి లాగి తూకం వేయడమే మార్గం.

మీకు నేను చెప్పే అసలు పని కూడా అదే. ఉన్న గ్యాస్ అంతా రికవరీ మెషిన్‌లోకి తీయించండి. ఎంత వచ్చిందో అంకె అడగండి. బానెట్ కింద ఒక స్టిక్కర్ మీద గ్యాస్ రకం, ఎన్ని గ్రాములు పట్టాలి అన్నది రాసి ఉంటుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి అర కిలో కూడా అక్కర్లేదు. అంత తక్కువలో 100 గ్రాములు అటూ ఇటూ అయినా ఏసీ తేడా చూపిస్తుంది. స్టిక్కర్ మీద ఉన్నదానికంటే ఎక్కువ బయటికి వస్తే మీ జబ్బులో సగం అక్కడే దొరికింది. తక్కువ వస్తే లీకు ఉంది. వాల్వ్ నొక్కి గ్యాస్‌ని గాల్లోకి వదిలేసే పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. కొలత తెలియకుండా పోతుంది, పైగా ఒక కిలో ఆర్‌134ఏ భూమిని వేడెక్కించే లెక్కలో దాదాపు 1400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. చిమ్మే ఆ గ్యాస్ ముఖం మీదో చేతుల మీదో పడితే చర్మం గడ్డకట్టి పుండు పడుతుంది. కంటికి ఇంకా ప్రమాదం.

గ్యాస్ తీశాక వ్యాక్యూమ్ పెట్టాలి. కనీసం అరగంట. గొట్టాల్లో చేరిన గాలీ తేమా బయటికి పోయేది దానితోనే. తర్వాత పంపు ఆపి, ముల్లు కదలకుండా ఇంకో పది పదిహేను నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి. పది నిమిషాల్లో మొత్తం పని ముగించి పంపేసే చోట ఈ మెట్టు ఎగిరిపోతుంది. లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దగ్గర గడ్డకడుతుంది. అలాంటి కారులో ఏసీ కాసేపు చల్లగా వచ్చి, ఆగిపోయి, మళ్లీ దానంతట అదే వస్తుంది. ఆ తర్వాత స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి పట్టాలి. ‘పైపు పట్టుకుంటే చల్లగా అనిపించే దాకా’ పట్టడం కొలత కాదు. తక్కువ ధరకు దొరికే పేరు లేని డబ్బాల జోలికి పోకండి. వంట గ్యాస్ లాంటి మండే వాయువులు కలిపినవి ఉంటాయి. ఆ గ్యాస్ కూలింగ్ కాయిల్ దగ్గర లీకయితే చేరేది మీరు, పిల్లలు కూర్చునే చోటుకే.

లీకు వెతకడం ఓపిక పని. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా గొట్టాల్లో తిరుగుతుంది. కాబట్టి గ్యాస్ కారే చోట కొంచెం ఆయిల్ కూడా వస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక పడుతుంది. కండెన్సర్ కింది మూలలు, పైపు జాయింట్లు, కంప్రెసర్ ముందు భాగం టార్చితో చూడండి. చుట్టూ పొడి దుమ్ముండి ఒక్కచోట మాత్రం జిడ్డుగా ఉంటే వేలితో తుడిచి చూడండి. అక్కడే సబ్బు నురుగు వేస్తే బుడగ లేస్తుంది. గ్యాస్ లేని సిస్టమ్‌లో నైట్రోజన్ నింపి పరీక్షిస్తే సన్న లీకులు కూడా దొరుకుతాయి. జాయింట్ దగ్గరైతే కొన్ని రూపాయల ఓ-రింగ్ మార్చితే సరిపోతుంది. హైవే రాయి తగిలి కండెన్సర్‌కి చిల్లు పడితే కండెన్సర్ మార్చడమే మేలు, అతుకు ఎక్కువ కాలం నిలవదు. బయట ఎక్కడా జిడ్డు లేకుండా గ్యాస్ తగ్గుతుంటే కూలింగ్ కాయిల్‌ని అనుమానించాలి. దానికి చాలా కార్లలో డాష్‌బోర్డ్ విప్పాలి, కాబట్టి కాయిల్ మీది నీళ్లు కారు కిందికి పోయే గొట్టంలో లీక్ డిటెక్టర్ పెట్టి నిర్ధారించుకోకుండా ఎవరినీ విప్పనివ్వకండి.

ఒకవేళ గేజీలు నిజంగానే కంప్రెసర్ పోయిందని చెబితే, కంప్రెసర్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. లోపల అరిగిన ఇనుప, అల్యూమినియం పొడి పైపుల్లో, కండెన్సర్‌లో ఉండిపోతుంది. ఫ్లష్ చేయించాలి, అంటే వాటిని లోపల కడిగించాలి. డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమని పీల్చే భాగం) తప్పకుండా మార్చాలి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చితే మంచిది. ఆయిల్ కంపెనీ చెప్పిన రకమే, చెప్పిన కొలతలోనే పోయాలి. ఇవి లేకుండా పెట్టిన కొత్త కంప్రెసర్ ఆ పొడినే మింగి త్వరగా పోతుంది. ఇంకో సంగతి, మొత్తం కంప్రెసర్ కాకుండా దాని ముందుండే మాగ్నెట్ క్లచ్ (బెల్టుతో తిరిగే పుల్లీని కంప్రెసర్‌కి కలిపేది) ఒక్కటే పోవడం కూడా చాలా ఎక్కువ. క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు అరమిల్లీమీటరు దగ్గర ఉండాలి. అరిగి ఆ సందు పెరిగితే వేడెక్కాక మాగ్నెట్ లాగలేదు. ఏసీ ఆన్‌లో ఉండి, కరెంటు వస్తూ, ప్లేటు అంటుకోకుండా నిలబడి ఉంటే అదే లోపం. దానికి కంప్రెసర్ మార్చడం అన్యాయం. క్లచ్ లేకుండా ఎప్పుడూ తిరుగుతూ ఉండే కంప్రెసర్లున్న కార్లకి ఈ మాట వర్తించదు.

ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మీద కూడా కన్నేయండి. ట్రాఫిక్‌లో ఏసీ వేడెక్కే సమయానికే ఆ ముల్లు కూడా సగం దాటి పెరుగుతుంటే ఫ్యాన్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంజిన్ మరీ వేడెక్కితే కంప్యూటర్ తనంతట తనే ఏసీని కట్ చేస్తుంది. అప్పుడు ఏసీ మెకానిక్ ఏం చేసినా లాభం లేదు, చూడాల్సింది కూలెంట్ సంగతి.

మీ హీటర్ కథ ఇక్కడే కలుస్తుంది. హీటర్ అంటే వేరే యంత్రం కాదు. ఇంజిన్‌ని చల్లబరిచే వేడి కూలెంట్‌లో కొంత డాష్‌బోర్డ్ లోపల ఉండే హీటర్ కాయిల్ గుండా పోతుంది, బ్లోయర్ గాలి దాన్ని తాకి వెచ్చబడుతుంది. కూలెంట్ తక్కువుంటే ముందు దెబ్బతినేది హీటరే. కాబట్టి పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రిజర్వాయర్‌లో లెవెల్ చూడండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. లెవెల్ తగ్గి ఉంటే ఎక్కడికి పోతోందో వెతికించాలి.

లెవెల్ బాగుండి, పావుగంట నడిపినా టెంపరేచర్ ముల్లు సగానికి రాకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కే దాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోయింది, లేదా అసలు లేదు. లేదంటున్నానని ఆశ్చర్యపోకండి. ‘మన ఎండలకి ఇది దేనికి’ అని థర్మోస్టాట్ తీసి పారేసే మెకానిక్‌లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, చలి ఊరికి వెళ్తే హీటర్ పనిచేయదు. ముల్లు సరిగ్గా వస్తుంటే ఇంజిన్ వెనక గోడలోకి దూరే రెండు రబ్బరు పైపులు జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే కూలెంట్ తిరుగుతోంది, లోపల చల్లగాలినీ వేడిగాలినీ కలిపే ఫ్లాప్ కదలడం లేదు. ఒకటి వేడిగా, ఇంకొకటి గోరువెచ్చగా ఉంటే కాయిల్ తుప్పుతో మూసుకుంది. రెండూ చల్లగా ఉంటే గాలి బుడగ ఇరుక్కుంది లేదా వాల్వ్ మూసి ఉంది. పాత యజమాని దగ్గర హీటర్ కాయిల్ లీకయితే ఆ రెండు పైపుల్నీ ఒకదానికొకటి కలిపేసి వదిలేసిన కార్లు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. మీది సెకండ్ హ్యాండ్ అయితే అది కూడా చూడండి.

ఆ ఫ్లాప్ ఎండాకాలంలోనూ ఇబ్బంది పెడుతుంది. బానెట్ కింద లావు పైపు చెమట పట్టి చేతికి చల్లగా తగులుతోంది, లోపల వెంట్‌లో మాత్రం గాలి వెచ్చగా వస్తోంది అంటే గ్యాస్ వైపు ఏ లోపమూ లేదు. చల్లబడిన గాలే హీటర్ కాయిల్ మీదుగా వెళ్లి మళ్లీ వేడెక్కి వస్తోంది. టెంపరేచర్ నాబ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ డాష్‌బోర్డ్ లోపల చెవి పెట్టండి. టకటకమని శబ్దం వస్తే ఫ్లాప్ తిప్పే చిన్న మోటారు పళ్లు విరిగాయి.

మ్యాట్ తడవడం వేరే సంగతి, కంప్రెసర్‌తో సంబంధం లేదు. కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది, అది ఒక సన్న గొట్టం గుండా కారు కిందికి పోవాలి. మన కోస్తా ఉక్కపోతలో అరగంట ఏసీ వేసి ఆపితే కారు కింద చిన్న మడుగు కనిపించాలి. కింద చుక్క పడకుండా లోపల మ్యాట్ తడుస్తుంటే ఆ గొట్టం మూసుకుంది. కింది నుంచి సన్నటి మెత్తటి ట్యూబుతోనో, తక్కువ గాలితోనో శుభ్రం చేయించండి. గట్టి తీగ దూర్చకండి. ఆలస్యం మాత్రం చేయొద్దు, కొన్ని కార్లలో కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లు ఉంటాయి. అయితే ముందు ఆ తడిని వేళ్ల మధ్య రాసి చూడండి. మామూలు నీళ్లయితే సరే. జిడ్డుగా, ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి, తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంటే అది కూలెంట్. హీటర్ కాయిల్ కారుతోంది. అప్పుడు మీ తడి మ్యాట్, పనిచేయని హీటర్, తగ్గే కూలెంట్, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కి ఏసీ కట్ అవడం, నాలుగూ ఒకే జబ్బు అయ్యే అవకాశం ఉంది. అందుకే మీ ప్రశ్నలో మ్యాట్, హీటర్ గురించిన ఆ రెండు వాక్యాలు నాకు చాలా ముఖ్యం అనిపించాయి.

ఇదే అవస్థ మీదనుకుని చదివేవాళ్ల కోసం మిగతావి క్లుప్తంగా. గంట ప్రయాణం తర్వాత గాలి తగ్గిపోయి, ఏసీ ఆపి పావుగంట ఆగి వేస్తే మళ్లీ బాగా వస్తే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. సెన్సర్, నిండిపోయిన క్యాబిన్ ఫిల్టర్, తక్కువ గ్యాస్, ఈ వరసలో చూడండి. లో సైడ్ 28 పీఎస్‌ఐ దగ్గర గ్యాస్ సరిగ్గా సున్నా డిగ్రీల్లో మరుగుతుంది, ఎక్కువసేపు దానికి కిందే ఉంటే గడ్డకట్టక తప్పదు. బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే తిరిగితే రెసిస్టర్ పోయింది, మోటారు మార్చనక్కర్లేదు. ఏసీ వేయగానే తడిసిన గుడ్డ వాసన వస్తే కాయిల్ మీద బూజు. ఇంటికి చేరే ముందు చివరి మూడు నాలుగు నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచితే కాయిల్ ఆరుతుంది, కాయిల్ క్లీన్ చేయించాక ఇది అలవాటు చేసుకుంటే వాసన తిరిగి రావడం తగ్గుతుంది. వానల్లో అద్దం మసకబారితే ఏసీ, హీటర్ రెండూ కలిపి వేసి గాలిని అద్దం వైపు పెట్టండి, రీసర్క్యులేషన్ తీసేయండి. ఏసీ తేమని పీలుస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ల కొత్త కార్లలో ఎక్కువగా ఆర్‌1234వైఎఫ్ గ్యాస్ ఉంటుంది, దానిలో ఆర్‌134ఏ కలపకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో ఏసీ కంప్రెసర్ పెద్ద బ్యాటరీ కరెంటు మీద నడుస్తుంది. నారింజ రంగు వైర్లు కనిపిస్తే మీరు గానీ మామూలు షాపు వాళ్లు గానీ ముట్టుకోవద్దు, దాని ఆయిల్ కూడా వేరు.

మీరు ఈ వరసలో వెళ్లండి: కూలెంట్ లెవెల్, మ్యాట్ మీద తడి ఏమిటో, ఎండలో ఫ్యాన్, నీళ్ల పరీక్ష. ఇవన్నీ ఇంటి దగ్గరే అయిపోతాయి. ఆ తర్వాతే రికవరీ మెషిన్, తూకం మెషిన్ ఉన్న షాపుకి వెళ్లండి. ఐడిల్‌లో వేడి గాలి వచ్చేటప్పుడు లో సైడ్, హై సైడ్ ఎంతున్నాయో, 1500 ఆర్‌పీఎంలో అవే ఎంతకి మారాయో, బయటికి తీసిన గ్యాస్ ఎన్ని గ్రాములో, స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసి ఉందో రాసుకుని ఇక్కడ పెట్టండి. అవి చూస్తే కంప్రెసర్ మార్చాలో లేదో సూటిగా చెప్పేస్తాను.